మణికట్టు నొప్పి – చూచి వేయు సూదిమందు



మణికట్టు నొప్పి యనగానే ఇది యొక ప్రసంగమునకు దగిన విషయమా యని మీలో కొందఱికి దోచవచ్చును. జ్వరము మనిషిని మంచము పట్టించును. మణికట్టు నొప్పి మంచము పట్టింపదు. అందుచేత దానిని ఇంటిలో నెవ్వరును లెక్కసేయరు. కాని పాలు పితుకువాని చేయి, నాట్లు వేయు స్త్రీ చేయి, మగ్గముపై గూర్చున్న నేతగాని చేయి, బీడీలు చుట్టు నామె చేయి నిలిచిపోయినచో ఆ యింటి పొయ్యి యెట్లు వెలుగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ నొప్పులలో మిక్కిలి తఱచుగా గనబడు నొకదానిని గూర్చియు, దానికి నేటి వైద్యులు అతిధ్వని యంత్రముతో లోపలిని చూచుచు వేయు సూదిమందును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

ముందుగా చేతి కట్టుబడిని తెలిసికొందము. వ్రేళ్లను కదల్చు పెద్ద కండలు వ్రేళ్లలో లేవు; ముంజేతిలో నున్నవి. మీ కుడి ముంజేతిని ఎడమచేతితో బట్టుకొని వ్రేళ్ల నాడించి చూడుడు; కండ లోపల నాడుట తెలియును. ఆ కండ లాగుడును వ్రేలివఱకు జేర్చుటకు తెల్లని గట్టి త్రాడువంటి దొకటి కలదు. దానినే వైద్యులు టెండన్ అందురు. శాస్త్రగ్రంథములలో స్నాయుబంధనమని పేరు. పల్లెలలో దీనిని నరమనుట వాడుక. కాని నరము వేఱు, ఇది వేఱు. నరము స్పర్శను దెలుపును, మెదడు ఆజ్ఞను మోయును. ఇది కేవలము లాగునట్టిది. నేను దీనిని త్రాడనియే చెప్పెదను.

బావి గిలకపై చేదత్రాడు జాఱిపోకుండ ఇరుప్రక్కల అంచు లుండును గదా. అట్లే మణికట్టువద్ద ఈ త్రాళ్లు పైకి లేవకుండ ఎముకపై వానిని అణచిపెట్టి యుంచు గట్టి పట్టీ యొకటి కలదు. ఆ పట్టీక్రింద త్రాళ్లు కదలుటకు దారులున్నవి. దారిలో త్రాటికి నునుపైన ఒర యున్నది. ఒరలో కొంచెము జిగటనీ రుండును. మణికట్టు వెనుకభాగమున ఇట్టి దారులు ఆఱు. వానిలో మొదటిది బొటనవ్రేలి ప్రక్కన, ముంజేతి యెముక కొన బుడిపెవలె చేతికి దగులు చోటనున్నది. ఆ దారిలో రెండు త్రాళ్లు పోవుచున్నవి. ఒకటి బొటనవ్రేలిని చేతినుండి దూరముగా జఱుపును. రెండవది దానిని వెనుకకు చాచును.

ఇదే పని దినమునకు వందలమాఱులు జరిగినపుడు ఆ దారిపై నున్న పట్టీయు, ఒరయు దళసరి యగును. దారి యిఱుకగును. త్రాడు ఆ యిఱుకులో ఒఱసికొనుచు కదలవలసి వచ్చును. బొటనవ్రేలి మొదట మణికట్టు ప్రక్కన నొప్పి పుట్టును. ఒక్కొక్కప్పుడు చిన్నవాపు కనబడును. నొప్పి పైకి ముంజేతిలోనికి, క్రిందకు వ్రేలిలోనికి ప్రాకును. చెంబు నెత్తలేరు, తాళము త్రిప్పలేరు, కొడవలి పట్టలేరు.

ఈ వ్యాధిని స్పష్టముగా వర్ణించినవాడు స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడగు ఫ్రిట్జ్ డికెర్వాన్. ఆయన 1895లో ఐదుగురు రోగుల వృత్తాంతమును ప్రకటించెను. నాటినుండి వ్యాధికి ఆయన పేరే నిలిచినది. అంతకు రెండేండ్లు ముందు, అనగా 1893లో, గ్రే యను వైద్యుని పేర ప్రసిద్ధమైన శరీరశాస్త్ర గ్రంథపు కూర్పులో దీనిని బట్టలుతుకు స్త్రీల బెణుకని పేర్కొనియుండిరి. ఆ పేరులోనే కారణ మున్నది. తడిబట్టను మెలిపెట్టి పిండునపుడు బొటనవ్రేలు గట్టిగా బట్టవలెను. మణికట్టు ప్రక్కకు తిరుగవలెను. ఈ రెండును ఒక్కసారి జరిగినచోటనే త్రాటికి ఒఱపిడి యెక్కువ. పాలు పితుకుట, బట్టలు పిండుట, కత్తెర పట్టుట, చేటతో చెఱుగుట – ఇవన్నియు ఆ జాతి పనులే. చేతిఫోనుపై బొటనవ్రేలితో గంటలకొలది అక్షరములు నొక్కు పడుచువారుకూడ ఈ నొప్పితో వచ్చుట నేను చూచుచున్నాను.

ఇది పురుషులకంటె స్త్రీలలో నెక్కువ. ముఖ్యముగా బిడ్డను గన్న తల్లులకు మొదటి నెలలలో వచ్చుచుండును. బిడ్డ చంకలక్రింద రెండు చేతులును జొనిపి, బొటనవ్రేళ్లు చాచి, దినమునకు ఎన్నియోమాఱు లెత్తుట దీనికి గల కారణములలో నొకటి. ఇంటిలో అందఱును ఇది బాలింత సోమరితనమని తలంతురు. పనినుండి తప్పించుకొనుటకు చెప్పు సాకు కాదది; నొప్పి నిజమైనది. బిడ్డను ఎత్తుకొనలేని తల్లి పడు కష్టము ఆ నొప్పికి రెట్టింపు.

గుర్తించు విధ మొకటి కలదు. బొటనవ్రేలిని అఱచేతిలో మడిచి, దానిపై తక్కిన వ్రేళ్లతో పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెనవ్రేలివైపునకు వంచవలెను. ఈ వ్యాధి యున్నచో బుడిపెవద్ద చుఱుక్కుమని నొప్పి పొడుచును. 1930లో అమెరికా వైద్యుడు ఫింకెల్‌స్టీన్ వ్రాసిన దానినిబట్టి ఈ పరీక్ష ఆయన పేర వాడుకలోనికి వచ్చినది. అయితే ఆరోగ్యవంతులకును కొంచెము లాగినట్లుండును. కావున రెండు చేతులను పోల్చి చూడవలెను. ఇంకొక హెచ్చరిక. బొటనవ్రేలి మొదలున నొచ్చినదెల్ల ఇదియే కాదు. క్రిందపడి చేయి యూనినపిమ్మట నొప్పి వచ్చినచో చిన్నయెముక విఱిగి యుండవచ్చును. దానికి ఎక్స్‌రే తీయింపవలెను. వ్రేళ్లు తిమ్మిరెక్కుచు రాత్రులందు నిద్రలేపినచో నరము నొక్కుకొనిపోయి యుండవచ్చును. ముల్లు గ్రుచ్చుకొన్న తరువాత చేయి ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము వచ్చినచో ఒరలో చీము పట్టి యుండవచ్చును. అపుడు ఒక్క దినమైనను ఆలసింపక ఆసుపత్రికి గొనిపోవలెను.

ఇక చికిత్స. మొదటి చికిత్స సూదిమందు కాదు, విశ్రాంతి. బొటనవ్రేలిని మణికట్టుతో గూడ కదలకుండ నిలుపు పట్టీని కొన్ని వారములు కట్టవలెను. నొప్పి పుట్టించు పనిని మానుటయో, విధమును మార్చుటయో చేయవలెను. బిడ్డను చంకలక్రింద పట్టి యెత్తుటకు మాఱుగా, ఒక అఱచేయి పిఱుదులక్రిందను, ఇంకొకటి మెడవెనుకను ఉంచి యెత్తినచో బొటనవ్రేలిపై భారము తగ్గును. నొప్పి క్రొత్తగా వచ్చినచో పెక్కుమందికి ఇంతటితోనే కుదురును. బాలింతలలో చాలమందికి కొన్ని నెలలలో దానంతటదియే తగ్గుటయు గలదు.

మన పల్లెలలో జరుగునది వేఱు. బెణుకనుకొని బలముగా తోముదురు. దళసరియైన యొరను ఇంకను నలిపినచో ఏమి మేలు కలుగును? కొందఱు ఇనుపకడ్డీ కాల్చి వాత వేయుదురు. వాత నొప్పి క్రొత్తదగుటచే పాతనొప్పి రెండు దినములు మఱపునకు వచ్చును. తరువాత రెండును మిగులును. అంతేకాక, కాలిన చర్మమున పుండుపడినచో చీము లోపలికి దిగవచ్చును. మధుమేహము గలవారికి ఈ యపాయము మఱింత యెక్కువ. దయచేసి మణికట్టుపై వాతలు వేయనీయకుడు.

విశ్రాంతితో తగ్గనిచో సూదిమందు. ఇందు వాడునది స్టెరాయిడు జాతి మందు. 1948లో అమెరికా దేశమున మేయో క్లినిక్‌లో హెంచ్, కెండాల్ మున్నగువారు కీళ్లవాతముతో బాధపడు స్త్రీకి కార్టిసోను అను పదార్థమును మొదటిసారిగా నిచ్చిరి. ఆమె బాధ అతిశీఘ్రముగా తగ్గినది. వారిద్దఱికిని, స్విట్జర్లాండులోని రైక్‌స్టైనునకును 1950లో నోబెలు బహుమాన మిచ్చిరి. దేహమంతటికి ఈ మందు నిరంతరముగా నిచ్చినచో ఎముకలు బలహీనమగుట, చక్కెర పెరుగుట మొదలగు కీడులు గలవు. ఎచ్చట నొప్పి గలదో అచ్చటనే కొంచెము వేసినచో కీడు తగ్గి మేలు నిలుచునను నాలోచనతో ఆ జాతి మందులను కీళ్లలోనికిని, ఒరలలోనికిని ఎక్కించు పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

కాని ఇందొక చిక్కు కలదు. ఒరకును త్రాటికిని నడుమ నున్న సందు వెండ్రుకవాసి వంటిది. మందు ఒరలో పడవలెను, త్రాటిలో పడరాదు. త్రాటిలోనికి బలముగా నెక్కించినచో అది బలహీనపడి తెగిపోవు ప్రమాద మున్నది. చర్మముక్రింది క్రొవ్వులో పడినచో అక్కడ చర్మము పలుచనై గుంటపడును; మన నల్లని, చామనచాయ చర్మములపై తెల్లమచ్చ యేర్పడి నెలలతరబడి నిలుచును. బొటనవ్రేలి వెనుక చర్మమునకు స్పర్శ నిచ్చు నరమును, మణికట్టునుండి చేతికి పోవు రక్తనాళమును ఆ ప్రక్కనే యున్నవి. చాలకాలము వైద్యులు వ్రేలితో తడవి, అనుభవముచే నంచనా వేసి సూది గ్రుచ్చుచుండిరి. నేటికిని అట్లు చేయువారున్నారు. నిపుణుని చేతిలో అదియు ఫలించును.

ఇంకొక రహస్యము లోపల దాగియున్నది. అందఱికిని మొదటిదారి యొక్కటిగా నుండదు. కొందఱికి దాని నడుమ ఒక గోడ యుండి రెండు త్రాళ్లను రెండు గదులలో నుంచును. వైద్యుడు ఒక గదిలో మందు వేసినచో రెండవగది త్రాటికి అది చేరదు. బయటినుండి తడవినచో ఈ గోడ తెలియదు. ఇక్కడనే అతిధ్వని యంత్రము సాయపడుచున్నది.

అతిధ్వని యనగా మన చెవికి వినబడనంత హెచ్చుగా కంపించు ధ్వని. మనకు వినబడు ధ్వని క్షణమునకు 20 మొదలు 20,000 కంపనములవఱకే. చిన్నజాతి గబ్బిలము అంతకు మించిన ధ్వనులను చేయుచు, అవి తగిలి మరలివచ్చుటను విని, చీకటిలో దారి తెలిసికొనును. ఇటలీ దేశస్థుడు స్పల్లంజానీ గబ్బిలములు కన్నులులేకున్నను ఎగురగలవని పదునెనిమిదవ శతాబ్దాంతమున చూపెను. ఆ ధ్వనులను యంత్రముతో పట్టినది 1938లో అమెరికాలోని గ్రిఫిన్, పియర్సులు. 1880లో ఫ్రాన్సున క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో ఆ స్ఫటికమే కంపించి ధ్వని పుట్టించును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజవాన్ దీనినే నీటిలోని జలాంతర్గాములను వెదకుటకు వాడ యత్నించెను. లోహములలోని పగుళ్లను వెదకు కర్మాగార యంత్రమును రోగులవైపు త్రిప్పి, 1958లో గ్లాస్గో నగరపు ఇయన్ డొనాల్డు తన సహచరులతో గూడి కడుపులోని గడ్డలను, గర్భమును చూచిన విధమును ప్రకటించెను.

మణికట్టును చూచుటకు క్షణమునకు కోటికి పైబడిన కంపనములు గల ధ్వనిని వాడుదురు. కంపనములు హెచ్చినకొలది లోతు తగ్గును, స్పష్టత హెచ్చును. మణికట్టు త్రాళ్లు చర్మముక్రిందనే కొన్ని మిల్లీమీటర్ల లోతున నుండుటచే ఇది మనకు అనుకూలము. ఎక్స్‌రేలవంటి కిరణములు ఇందు లేవు. తెరపై ఆరోగ్యమైన త్రాడు వడిపెట్టిన నూలుపోగులవలె తెల్లని గీతలుగా గనబడును. నీరు నల్లగా నుండును. దళసరియైన ఒర త్రాటిచుట్టు నల్లని కట్టువలె దోచును. నడుమ గోడ యున్నచో అదియు దెలియును. అయితే ఎముక లోపలిభాగమును ఈ ధ్వని చూపలేదు.

ఇది యెట్లు జరుగునో చెప్పెదను. తెలియని దానికే భయ మెక్కువ. రోగి చేతిని బల్లపై నుంచును. చర్మమును మందునీటితో శుభ్రపఱతురు. ధ్వనికి గాలి అడ్డగుటచే జిగురువంటి పదార్థమును పూసి యంత్రపు చేతికొసను ఆనింతురు. వైద్యుడు తెరను చూచుచు సన్నని సూదిని ప్రక్కనుండి ఏటవాలుగా ప్రవేశపెట్టును. సూది మొన తెరపై తెల్లని గీతవలె ఒర దగ్గఱకు వచ్చుట కనబడును. మొన త్రాటికి బయట, ఒరకు లోపల నున్నదని రూఢి చేసికొని, తిమ్మిరి మందుతో గలిపిన స్టెరాయిడును మెల్లగా విడుచును. ఒర ఉబ్బి త్రాటిచుట్టు మందు ప్రాకుట కనబడును. మందు మొత్తము ఒకటి రెండు మిల్లీలీటర్లకు మించదు. నిమిషములలో పని ముగియును. రోగి నాడే యింటికి పోవచ్చును.

ఒక యువతి సంగతి చెప్పెదను. బిడ్డ పుట్టిన నాలుగవ నెలలో అత్తగారు ఆమెను వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చినది. "డాక్టరుగారూ, మా కోడలికి పని యనగానే చేయి నొచ్చును" అని ఆ పెద్దమ్మ మొదటనే చెప్పినది. కోడలు మాటాడలేదు. మణికట్టుపై రెండు వాతల మచ్చ లున్నవి. అంతకుముందు వేఱొకచోట సూదిమందు వేయించుకొన్నను సగమే తగ్గినదట. తెరపై చూడగా నడుమ గోడ యుండెను. పెద్దమ్మను దగ్గఱకు బిలిచి దళసరియైన ఒరను, ఆ గోడను చూపితిని. ఆమె చాలసేపు తెరనే చూచి, "ఇన్నాళ్లు దీనితోనే నీళ్లు మోసినదా, నాయనా!" అనెను. రెండు గదులలోను కొలదిగా మందు వేసితిని. మూడవవారమున వచ్చినపుడు బిడ్డ కోడలి చంకలో నుండెను. నీళ్లబిందెలు మోయుపనిని కొన్నాళ్లు తానే చూచుకొనుచున్నానని అత్తగారు చెప్పినది. నా మందు ఎంత పనిచేసినదో, ఆ విశ్రాంతియు అంత పనిచేసినదని నా నమ్మకము.

అతిశయోక్తి చెప్పుట నా యుద్దేశము గాదు. సూదిమందుతో ఎక్కువమందికి గుణము గనబడును గాని అందఱికిని గాదు. చూచి వేయుట, చూడక వేయుటకంటె ఎంత మేలని అడిగినచో, పరిశోధనలన్నియు ఒకేమాట చెప్పుటలేదు. గోడ యున్నవారికిని, మొదటి సూదిమందు ఫలింపనివారికిని చూచి వేయుట యెక్కువ ప్రయోజనకారి యని నా యభిప్రాయము. తిమ్మిరి దిగినపిమ్మట ఒకటి రెండు దినములు నొప్పి హెచ్చవచ్చును. గుణము కొలదిదినములనుండి రెండు వారములలోపల తెలియును. మధుమేహము గలవారికి కొన్నిదినములు రక్తములో చక్కెర పెరుగును. వారు ముందే చెప్పి, తఱచుగా పరీక్షించుకొనవలెను. రక్తమును పలుచన చేయు మందులు వాడువారును, గర్భవతులును, పాలిచ్చు తల్లులును ఆ సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను. చర్మముపై పుండు, చీము ఉన్నపుడు ఈ సూదిమందు పనికిరాదు. ఒకటి రెండు మాఱులు వేసినను తగ్గనిచో మాటిమాటికి వేయించుకొనుట మంచిదిగాదు. చిన్న శస్త్రచికిత్సతో ఆ పట్టీని కోసి దారిని విప్పుదురు. అదియు సాధారణముగా చేతికి మాత్రమే తిమ్మిరి యిచ్చి చేయునదే.

గ్రామపెద్దలగు మీకు ఇంకొక విషయము. ఈ యంత్రము ప్రతి సందులోను దొరకదు. దానికి కారణ మున్నది. గర్భములోని శిశువు ఆడయో మగయో చెప్పుట 1994నాటి చట్టముచే నేరము. అందుచే అతిధ్వని యంత్రమును ప్రభుత్వమువద్ద నమోదు చేయించిన చోటనే యుంచవలెను. మణికట్టును చూచు ధ్వనియే గర్భమును చూచును. చేతినొప్పికై పోయి, ఆ పని కూడ గుట్టుగా చేయించుకొని రావచ్చునని యెవరైన మీకు జెప్పినచో వినవలదు, మీ యూరివారిని విననీయవలదు.

వైద్యునియొద్దకు పోయినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఈ నొప్పి త్రాటిదేనా, ఎముకదా, నరముదా? పట్టీ కట్టి విశ్రాంతి నిచ్చి చూచితిమా? సూదిమందు వేయునపుడు లోపలిని చూచి వేయుదురా, లేనిచో ఎందుచేత? ఇవి అడుగుటలో అమర్యాద యేమియు లేదు. మంచి వైద్యుడు ఓపికతో జవాబు చెప్పును.

కడపట నా మనవి యొక్కటే. ఇంటిలో నొప్పి యని చెప్పువారి మాటను మొదట నమ్ముడు. పరీక్ష తరువాత జరుగును. కోడలయినను, పాలేరయినను, పడుచు కుఱ్ఱవాడయినను, చేయి నొచ్చుచున్నదని చెప్పిననాడే రెండువారములు ఆ పని తప్పించినచో, సూదివఱకు పోవలసినవారు చాలమంది పోనక్కఱలేకుండ కుదురుదురు.